అలిగిన దేవత, ధర్మవరం ప్యాసింజరు

మొన్న ఆదివారం మా అక్క కూతురు బెంగళూరు నుంచి వచ్చి, భోజనమయ్యాక నా మంచం మీద చేరగిలబడి, కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని ఒకటే గొణుగుడు. సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి ఏదో కథల ఆట ఆడుతుందట, అందులో తను వాన దేవతకు పూజారిణి అట. వాన దేవత ఇచ్చే మంత్రాలూ యుద్ధ దేవుడు ఇచ్చే మంత్రాలూ అక్షరం తేడా లేకుండా ఒకటేనని ఇప్పుడే కనిపెట్టింది. "ఇంగ ఈమెకే మొక్కి నాకేం లాభం పిన్నమ్మా?" అని అడిగితే నాకు కళ్లల్లో నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది. ఈ తగాదా వాళ్ల నాయన, అంటే మా బావ, తను పుట్టకముందే రైలుపెట్టెలో తేల్చేశాడని ఆ పిల్లకు తెలియదు.

మన ఈడు వాళ్లలో ఈ ఆట సంగతి తెలిసినవాళ్లు తక్కువ గనుక రెండు ముక్కలు చెబుతాను. దీనికి పలకా పావులూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక మనిషిగా మారి ఆ కథలో ఏం చేస్తారో నోటితో చెబుతారు, చేసిన పని కుదిరిందో బెడిసిందో పాచికలు వేసి చూస్తారు. మా బావ బెంగళూరు ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకమొకటి కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, ఈ ఆట మాకు అంటించాడు. ఆయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి డిజైన్లు గీసేవాడు. అవే కాగితాల మీద కోటలూ సొరంగాలూ కూడా గీసేవాడు. నాకు అక్కడే బడిలో తెలుగు పంతులమ్మగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇద్దరం హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే పెనుకొండలో మా పిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, ఎక్కేవాడు, ధర్మవరం వచ్చేదాకా ఆటే. పాచికలు టిఫిను డబ్బా మూతలో వేసేవాళ్లం. రైలు కుదుపుకు పాచిక పొర్లితే ముందు పడింది లెక్కా, తరువాత పడింది లెక్కా అని మా తమ్ముడు చేసిన గొడవలకు పక్కన పట్టుగూళ్ల మూటలతో కూర్చున్న రైతులు తీర్పులు చెప్పేవారు.

ఆ పుస్తకంలోనూ అంతే. దేవుళ్ల పేర్లు బోలెడు, మంత్రాల పట్టిక మాత్రం ఒకటే. గాయం మాన్పడం, వెలుగు తెప్పించడం, రోగం పోగొట్టడం ఎవరి పూజారైనా ఒకే తీరుగా చేస్తాడు. మా బావకు అది సుతరామూ నచ్చలేదు. "అందురు దేవుళ్లూ ఒకే సరుకు అమ్మితే ఇంగ అన్ని అంగళ్లెందుకబ్బా?" అని, పుస్తకాన్ని పక్కకు నెట్టి, ఒక్కో దేవుడికీ గుణం కట్టి, ఆ గుణాన్ని బట్టి మంత్రాన్ని తిరగరాయడం మొదలుపెట్టాడు. మగ్గం దేవుడి పూజారి గాయం మాన్పితే మానుతుంది గానీ, తెగిన పోగును అతికినట్టు అక్కడొక ముడి కనిపిస్తుంది, అది అతికేదాకా దెబ్బ తగిలినవాడు నోరు మెదపకూడదు. గొర్రెల కాపరుల దేవుడికి అబద్ధం గిట్టదు, అబద్ధమాడినవాడికి ఆయన మందు పనిచేయదు. మా తమ్ముడు మొక్కే కొండ దేవుడు కోట వాకిలి కాపలాదారు, పైగా నిద్రమొహం. గడప మీద నిలబడి అడిగితేనే వెలుగిస్తాడు, బయట మైదానంలో ఎంత అరిచినా పలకడు. ఎందరో గొప్పవాళ్ల ఉపన్యాసాలు విన్నాను గానీ, దేవుణ్ణి అడగడానికీ దుకాణంలో అడగడానికీ తేడా ఇంత తేటగా చెప్పినవాణ్ణి మా బావను తప్ప చూడలేదు.

నా పాత్ర ఒక ఊరమ్మకు పూజారిణి. ఆమె గుణం ఏమిటని అడిగితే బావ ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక ముచ్చట జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అమ్మవారు పోసింది. డాక్టరు మాత్రలిచ్చాడు. వేళ తప్పకుండా వాటిని మింగించిందీ, వేపమండలతో విసిరిందీ, పక్కలో వేపాకు పరిచిందీ మా అవ్వే. అయిదో రోజు దురదకు ఓర్చుకోలేక, చూడవచ్చిన ఇరుగమ్మలందరి ముందూ ఆ మండలు వాకిట్లోకి విసిరికొట్టి, ఈ దరిద్రం ఎప్పుడు వదులుతుందో అన్నాను. అంతే, అవ్వ నాతో మాట మానేసింది. నాలుగు నెలలు. వేళకు అన్నం పెట్టేది, తలకు నూనె పెట్టేది, మాట మాత్రం మా నాయనతోనో, ఎవరూ లేకుంటే గోడతోనో చెప్పేది. "ఆ యమ్మికి సెప్పు, సంగటి సల్లారిపోతాండాది" అని గోడకు చెబితే నేను వచ్చి తినేదాన్ని. చదువుకున్నదాన్ననే పొగరొకటి ఉండేది గదా, క్షమించమని అడగడానికి నోరు రాలేదు. లోపల మాత్రం కుమిలిపోయేదాన్ని. అప్పటికే ఆమెకు ఎనభై దగ్గరపడ్డాయి, ఇలాగే పోతుందేమోనన్న భయం రోజూ రైల్లో నాతోపాటే కూర్చునేది.

ఇదంతా బావకు తెలుసు. ఒకరోజు కథలో కొండకోట రాజుకు ఒళ్లంతా పొక్కులు లేచాయన్నాడు. నాకదొక లెక్కా, రోగం పోగొట్టే మంత్రం వేస్తున్నానన్నాను. బావ పాచికలు నాకివ్వకుండా మూత మీద చెయ్యి పెట్టి, "ఎవుర్ని తరుముతాండావు మరదలా? ఆ రాజు ఒంట్లో ఉండేది రోగం కాదు, మీ ఊరమ్మే. సుట్టంగా వచ్చినామెను బయటికి పొమ్మంటాండావా?" అన్నాడు. పుస్తకంలో అలా లేదన్నాను. "పుస్తకం రాసినాయన మీయమ్మను సూసినాడా?" అన్నాడు. దేవత అలిగిందనీ, ఇక మంత్రమన్నది ఒక్కటీ ఇవ్వదనీ, అయినా నేను ఆకలితో పడుకుంటే మాత్రం ఎవరి చేతనో అన్నం పంపుతుందనీ తేల్చి చెప్పాడు. ఆ చివరి మాట విన్నాక, ఆయన ఆ దేవతకు ఎవరి గుణం కట్టాడో నాకు తెలిసింది.

ఆ సాయంత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, నాలుగు నెలల తరువాత మొదటిసారి, గోడను అడ్డం పెట్టుకోకుండా అడిగాను. రాజుకు అమ్మవారు పోసింది, ఆమెను సాగనంపేదెట్లా అవ్వా, అని. అవ్వ ముఖం తిప్పుకుని పొయ్యిలో కట్టె ఎగదోసింది.

మరునాడు హిందూపురం స్టేషనులో రైలు కదలబోతుండగా, సంచిలో వేపమండలూ, చెంబులో పసుపునీళ్లూ, డబ్బాలో పెరుగన్నమూ పట్టుకుని అవ్వ మా పెట్టెలోకి ఎక్కింది. ఎక్కుతూనే, "రాజంట, యాడుండాడప్పా? ఒళ్లు కాల్తాండాదా?" అని బావను అడిగింది. రాజు అనే పేరుగల మనిషెవరో రోజూ మాతో వస్తాడనుకుంది పాపం. ఎదురు బల్ల మీది రైతు ఒకడు నిజంగానే రాజట, ఉలిక్కిపడి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు, ఇంత దూరం వచ్చాక ఇదంతా ఆట అని తెలిస్తే ఇక జన్మలో మాట్లాడదని భయపడ్డాను. బావ మాత్రం తడబడకుండా గ్రాఫు కాగితం విప్పి, రాజు ఈ కోటలో ఉన్నాడవ్వా, ఇదంతా కథేగానీ నీ మనవరాలు అడిగింది మాత్రం నిజంగానే అడిగింది అని ఉన్నమాట చెప్పాడు.

మలుగూరు స్టేషను దాటేదాకా అవ్వ ఆ గళ్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తరువాత వేలితో వంటశాల గీసిన గడిని పొడిచి, "ఈ కోటలో పోపు పెడ్తాండారా? ముందు అది నిలపమను" అంది. బావ వెంటనే పెన్ను తీశాడు. అమ్మవారున్న ఇంట్లో పోపు ఘాటు తగలకూడదట. వేపాకూ పసుపూ వేసిన నీళ్లు ఎండలో కాగాక రాజుకు తలకు పోయాలట, పెరుగన్నం పొలిమేరలో పెట్టాలట. పెనుకొండలో ఎక్కిన మా తమ్ముడు తన చోట్లో అవ్వను చూసి, కిక్కురుమనకుండా మూటల మధ్య కింద కూర్చున్నాడు. అన్నీ చెప్పాక అవ్వ నా వైపు తిరిగింది.

"ఇంగ పోయిరా అమ్మా అని నోరారా సెప్పాల, నువ్వే సెప్పాల. తరిమితే ఎవురూ పోరు మ్మే. మనసు సల్లబడితే పోతారు."

చల్లగా వచ్చినావు, చల్లగా పోయిరా తల్లీ, తెలియక నోరు జారినాను అని చెప్పాను. ఎవరికి చెప్పానో అక్కడున్న మావాళ్లు ముగ్గురికీ తెలుసు. బావ పాచికలు వేయమనలేదు. అవ్వ డబ్బా మూత తీసి పెరుగన్నం ముద్దచేసి, పొలిమేరకంటే ముందు నా చేతిలో పెట్టింది. "బడికి పొద్దుపోతాండాది, తిను" అంది, గోడకు కాదు, నాకు.

ఆ మాటలు అలాగే బావ పుస్తకంలో మా ఊరమ్మ మంత్రమయ్యాయి. అవ్వ ఆ తరువాత రెండేళ్లు బతికింది, ఆ రెండేళ్లలో నన్ను తిట్టని రోజు లేదు.

ఇప్పుడు మాట పట్టింపు వస్తే ఫోనులోంచి పేరు తీసేస్తున్నారు, అక్కడితో సరి. పొయ్యి దగ్గర కూర్చుని, వేళకు అన్నం పెడుతూ, గోడతో మాట్లాడుతూ అలిగే ఓపిక ఎవరికుంది? ఇంటికి పెద్దదాన్ని నేనే అయ్యాను. నేనేం మాట్లాడినా అందరూ నవ్వి, సరేలే అని ఊరుకుంటారు. నేనొక తప్పు మాటంటే నాలుగు నెలలు నొచ్చుకునేంతగా నన్ను పట్టించుకునే మనిషి ఈ లోకంలో ఇక లేదు.