మామ కడుపు మీద వేసిన నింద

పెళ్లిచూపులకు వెళ్లి, ఆడపిల్ల వారి వాకిట్లో నిప్పు పెట్టి వచ్చిన ఘనుణ్ణి మీరు ఎప్పుడూ చూసి ఉండకపోతే ఇప్పుడు నన్ను చూడండి.

తొంభైల చివర్లో నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాను. "దీనికి పొగను శుభ్రం చేసే డబ్బా కూడా ఉంది, కొత్త పద్ధతి" అన్నాడు అమ్మినవాడు. ఆ డబ్బా ఎక్కడుంటుందో, దానికి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుందో నేను అడగలేదు. అద్దాలకు నల్ల కాగితం అంటించుకోవచ్చా అని మాత్రం అడిగాను.

కొన్నాళ్లకే కారులో కుళ్లిన కోడిగుడ్ల వాసన మొదలైంది. మిల్లుల మురుగుకాలువ అనుకుని అద్దాలు ఎక్కించాను. వాసన ఇంకా పెరిగింది. మురుగు పెరిగిందనుకున్నాను. బండి లాగడం తగ్గింది. ఎదురుగాలి అనుకున్నాను. కాళ్ల కింద రేకు పెనంలా కాలింది. ఎండాకాలం కదా అనుకున్నాను. చూశారుగా, నా దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి. మెకానిక్‌కు చూపిద్దామన్న ఆలోచనే లేదు.

ఆ కారులోనే మా ఇల్లున్న సూర్యాపేట నుంచి కోదాడకు పెళ్లిచూపులకు బయల్దేరాను. పక్కన మా మేనమామ. ఆత్మకూర్‌లో గొర్రెల మంద ఉన్న మనిషి. ఈ సంబంధం తెచ్చింది ఆయనే. అమ్మకు కారు పడదు కాబట్టి మేమిద్దరమే.

ఊరు దాటగానే వాసన వచ్చింది. అక్కడ మిల్లులు లేవు. కారులో ఉన్నది మామ, నేను. నేను కాదని నాకు తెలుసు.

"మామా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"రెండు ఇడ్లీలు. ఎందుకడుగుతున్నవ్ అల్లుడా?"

"ఊకెనే."

ఆయన అద్దం దించి ముఖం బయట పెట్టాడు. కాసేపటికి అలాగే అడిగాడు. "మరి నువ్వేం తిన్నవ్?"

"నేనింకా ఏం తినలే."

"తినకుండనే గిట్లనా."

చేసింది తాను, అనేది నన్నా అని నాకు ఒళ్లు మండింది. మునగాల వచ్చేసరికి ఇద్దరికీ కళ్లవెంట నీళ్లు. బండేమో చెరువులో దిగిన బర్రెలా కదలనంటోంది. నేను చాలా మర్యాదగా, పెద్ద డాక్టరు గొంతు తెచ్చుకుని అన్నాను.

"మామా, సిగ్గుపడకు. కోదాడల మంచి దవాఖాన ఉన్నదంట. ముందుగాల గాడికి పోదాం. వాళ్లింట్ల గిట్ల అయితే బాగుండదు."

"ఎవరికి దవాఖాన?"

"నీకే. కడుపుకు."

మామ ముఖం లోపలికి పెట్టాడు. "బండి ఆపు."

"ఎందుకు?"

"జర గాలి పీలుస్త."

దిగాడు. వెనకే వచ్చిన బస్సును చెయ్యెత్తి ఆపి, ఎక్కి వెళ్లిపోయాడు.

మామ దిగాక వాసన పోవాలి కదా. పోలేదు. మీరైతే అక్కడే గ్రహించేవారు. నేను మాత్రం సీటుకు బాగా పట్టేసినట్టుంది అనుకున్నాను.

నేను చేరేసరికి మామ ఆ ఇంటి అరుగు మీద చల్లగా కూర్చుని ఉన్నాడు. వాకిట్లో ఎండుగడ్డి పడి ఉంటే దాని మీదే కారు ఆపాను. పిల్ల తండ్రి నన్ను ఆస్పత్రి నుంచి వచ్చినవాడిలా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించారు. మామ విస్తరిలో నాటుకోడి కూర వడ్డించారు. నా విస్తరిలో మజ్జిగన్నం.

"మొహమాటపడకండి బాబూ," అన్నారాయన. "మీ మామయ్యగారు అంతా చెప్పారు. చిన్నప్పటి నుంచీ ఉందట కదా, కడుపులో ఇబ్బంది."

మామ వైపు చూశాను. ఆయన ఎంతో శ్రద్ధగా ఎముక చీకుతున్నాడు.

అప్పుడే పెళ్లికూతురు గ్లాసు పట్టుకుని వచ్చింది. "వాము నీళ్లండి," అంది. నేను తలెత్తలేకపోయాను. ఆమె నాకు గ్లాసు ఇవ్వకుండా గుమ్మంలోంచి బయటికి చూస్తూ ఆగిపోయింది.

"నాన్నా, ఈయన లోపలున్నా ఇక్కడ ఏ వాసనా లేదు. వాసనంతా వాకిట్లోనే ఉంది. కారు కింద నుంచి పొగ కూడా వస్తోంది."

అందరం పరుగెత్తాం. కారు కింద గడ్డి అంటుకుంది. నేనూ, ఆమె తండ్రీ బండిని పక్కకు తోశాం. ఆమె చేతిలోని వాము నీళ్లే మంటల మీద మొదట పడ్డాయి. ఆ వెనకే మామ ఎంగిలి చేత్తోనే బకెట్ ఎత్తాడు. గడ్డి మంట ఆరింది. నా పరువుకు అంటుకున్నది ఆరలేదు.

తర్వాత మెకానిక్ చెప్పాడు. ఇంజనుకు పెట్రోలు మోతాదు మించి పోతోందట. మిగిలింది వెళ్లి ఆ డబ్బాలో కాలి, దాన్ని మూసేసి, కొలిమిలా చేసిందట. వాసన, వేడి, బండి లాగకపోవడం, అన్నీ ఇన్నాళ్లూ నాకు ఆ సంగతే మొత్తుకుంటున్నాయట.

కారును అక్కడే వదిలి, మామ పక్కన కూర్చుని బస్సులో తిరిగి వస్తున్నాను.

"తప్పయింది మామా," అన్నాను.

"నా కడుపు ముచ్చట ఇడిసిపెట్టు. పిల్ల ఏమన్నదో తెల్సా?"

"వద్దన్నదా?"

"పిలగాడు మంచిగనే ఉన్నడన్నది. కారు ఉంటే మాత్రం పెండ్లికి రాదంట."

కారును బాగుచేయించి అమ్మేశాను. పెళ్లికి బస్సులో వెళ్లాను. ఇప్పుడు మీ అందరి ఎదుట, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ బండిలో ఏ వాసన వచ్చినా ముందు కిందికి దిగి, వెనక్కి వెళ్లి, పొగగొట్టాన్నే వాసన చూస్తాను. బండి నిర్దోషి అని తేలాకే మనుషుల కడుపులను అనుమానిస్తాను. అప్పుడు కూడా ముందు నాది, అందరికంటే చివర మేనమామది.