పెనుకొండలో దిగిన సంచి

మీరు ఆఖరిసారి ఒక మనిషిని దొంగ అనుకున్నప్పుడు మీ చేతిలో ఉన్న ఆధారం ఏమిటి? కాస్త ఆలోచించి చెప్పండి. "చూస్తేనే తెలిసిపోతుంది" అనేది ఆధారం కాదు. "మొదటి నుంచీ నాకెందుకో అనుమానమే" అనేది అసలే కాదు. నా దగ్గర మాత్రం గట్టి ఆధారమే ఉండేది: ప్రతి మంగళవారం సాయంత్రం టీవీలో వచ్చే అపరాధ పరిశోధన సీరియల్.

తొంభైల మధ్యనాటి మాట. నేను ధర్మవరంలో కాపురముండి, హిందూపురంలో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. పొద్దున ప్యాసింజరు రైల్లో పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. మాలాంటి సీజన్ టికెట్ వాళ్లకు ఆ రైల్లో ఒక బోగీ, ఆ బోగీలో ఒక మూల రాసిచ్చినట్టు ఉండేవి. పరాయివాడెవడైనా తెలియక అక్కడ కూర్చుంటే మేం చూసే చూపుకు వాడే లేచి వెళ్లిపోయేవాడు. మా మూలలో నలుగురం. పెనుకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కు, నుదుట విభూతి లేకుండా రైలెక్కని పెద్దమనిషి. హిందూపురంలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఊరికే ఉండలేక పేకముక్కలు కలుపుతూ ఉండేవాడు. అక్కడే ఒక బడిలో పనిచేసే టీచరమ్మ. నాలుగోవాణ్ణి నేను. ఆదివారం హేతువాద సభలో దయ్యాల మీద, జాతకాల మీద మాట్లాడి, చప్పట్లు మూటగట్టుకుని, సోమవారం ఆ పొగరుతోనే రైలెక్కేవాణ్ణి.

బుధవారం పొద్దున మా మూల కోర్టుగా మారేది. సీరియల్లో ఒక్కో హత్య రెండు వారాలు నడిచేది. మధ్యలో వారం రోజులు హంతకుడెవరో తేల్చే బాధ్యత మాది. పైగా డిటెక్టివు వేలెత్తిన క్షణంలోనే మా వీధిలో కరెంటు పోయేది. అప్పుడు కరెంటున్న వీధివాళ్లను బతిమాలి తెలుసుకోవాలి. వాళ్లు బెట్టు చేసేవాళ్లు.

ఈ రకం సినిమాల మీద, సీరియళ్ల మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. అడగకపోయినా చెప్పే అలవాటూ ఉంది. ఊరంతా చెప్పులతో తిరిగే ఎండల్లో హంతకుడొక్కడే బూట్లు, నల్లకోటు, చేతి తొడుగులు వేసుకుని తిరుగుతాడు. అట్లా ఎవడైనా హిందూపురం మార్కెట్టులో నడిస్తే చింతపండు బస్తాలు దించేవాళ్లే ఆపి "ఏమప్పా, జొరమా?" అని అడుగుతారు. ఇక సంగీతం. హంతకుడు తలుపు చాటుకు రాకముందే వయొలిన్లు మొదలవుతాయి. అంటే వాయించేవాడికి ముందే తెలుసు. మొట్టమొదట వాణ్ణి అరెస్టు చెయ్యాలి.

అన్నిటికంటే నాకు మంట పుట్టించేది దయ్యం సినిమా. రెండున్నర గంటలు తెల్లచీరతో మనల్ని బెదిరించి, చివర్లో ఇదంతా ఆస్తి కోసం బాబాయి ఆడించిన నాటకమని తేలుస్తారు. నేను లేచి చప్పట్లు కొట్టబోతాను. అంతలో ఖాళీ ఉయ్యాల తనంతట తానే ఊగుతుంది. దాని మీద శుభం అని పడుతుంది. దయ్యాన్ని నమ్మేవాడి టికెట్టూ కావాలి, నమ్మనివాడి టికెట్టూ కావాలి! పెనుకొండ సినిమా హాల్లో ఒకసారి గేటు దగ్గరి మనిషిని పట్టుకుని, ఆ ఉయ్యాల ఎవరు ఊపారో చెప్పి తీరమని నిలదీశాను. "ఫ్యానుగాలి ఏమో సామీ, బిరీన పో, గేటు ఏసుకోవల్ల" అన్నాడు. ఆ సినిమా తీసినవాడికంటే ఈయన వెయ్యిరెట్లు నయం. కనీసం ఒక కారణం చెప్పాడు.

ఇన్నిటిని వెక్కిరించిన నేను ఒక్క సూత్రాన్ని మాత్రం గుడ్డిగా నమ్మాను. ఎవరి మీద అనుమానం రాదో వాళ్లే దోషి. బుధవారం కోర్టులో ఈ సూత్రంతోనే నేను ఎక్కువసార్లు గెలిచాను. గెలిచిన సూత్రాన్ని ఎవడు అనుమానిస్తాడు?

ఒక గురువారం టీచరమ్మ పట్టుచీర తెచ్చింది. తోటి టీచరు కూతురి పెళ్లికని ధర్మవరంలో మగ్గం దగ్గరే నిలబడి, రంగులు చెప్పి నేయించిన చీర. దాన్ని పసుపు గుడ్డసంచిలో పెట్టుకుంది. మా ఊళ్లో ఒక బట్టల అంగడి వాళ్లు ఏం కొన్నా ఆ సంచి ఇచ్చేవాళ్లు. అది లేని ఇల్లు లేదు. కూరగాయలు, అన్నం క్యారియర్లు, ఆఫీసు కాగితాలు, అన్నీ అందులోనే పోయేవి. టీచరమ్మ సంచిని పైన సామాన్ల పలక మీద పెట్టింది. హిందూపురంలో దిగేటప్పుడు చూస్తే లేదు.

మరునాడు పొద్దున కోర్టు కూర్చుంది. టీచరమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ముదిగుబ్బ కాడ ఒకాయన అంజనం ఏస్తాడంట," అన్నాడు బ్యాంకాయన. "తమలపాకులో దొంగ మొగం అట్లే కనపడతాదంట. ఆదివారం పోదాం పా."

"తమలపాకులో మొగం కనపడేటట్లయితే పోలీసోళ్లు ఏంటికప్పా? స్టేషన్లో ఆకుతోట ఏసుకుంటే సాలదా?" అన్నాను నేను.

"నువ్వు దేన్నీ నమ్మవు," అన్నాడు హెడ్ క్లర్కు. "నువ్వే చెప్పబ్బా మళ్ల, యాడికి పాయె సంచి?"

నేను గొంతు సవరించుకున్నాను. "సంచి ధర్మవరంలో ఉండె. హిందూపురంలో లేదు. నడుమ మన మూల నుంచి జనం దిగింది పెనుకొండలోనే. దిగింది ఇద్దరు. ఒకరు సారు."

అందరూ నవ్వారు. హెడ్ క్లర్కు అందరికంటే గట్టిగా నవ్వాడు. "రాయి, రాయి, నా పేరే రాయి!"

"రెండో మనిషి?" అన్నాడు బ్యాంకాయన. అని, తనే ఆగిపోయాడు.

రెండో మనిషి ఉడకబెట్టిన చెనక్కాయలమ్మే ఆమె. కనగానపల్లి వైపు ఒక పల్లె నుంచి తొలిబస్సుకు ధర్మవరం వచ్చి, మా రైల్లో పెనుకొండ దాకా అమ్ముకుని, ఎదురుగా వచ్చే రైల్లో వెనక్కి పోయేది. నడివయసు మనిషి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. అందరం అక్కా అనేవాళ్లం. బుధవారాల్లో మా పక్కనే గంప దించుకుని మా వాదనలు వినేది. ఒకసారి "సంపింది ఎవురైతే ఏమి గానీ, ఆ సచ్చిపోయినామె పిల్లోళ్లకు ఇప్పుడు అన్నం ఎవురు ఒండిపెడతాండారు?" అని అడిగింది. సీరియల్ రాసినవాడికి కూడా తట్టని ప్రశ్న. మేం నవ్వాం.

"ఛ, ఆమె అట్లాంటిది కాదు సార్," అంది టీచరమ్మ.

"నేను చెప్తాండేదీ అదే టీచరమ్మా. అట్లాంటిది కాదని మనం అనుకుంటాం చూడు, ఆడే ఉంటాది కిటుకు."

ఆ మాట అనేటప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా అప్పుడే ఆమె గంపతో వచ్చింది.

"గంప దించు. గుడ్డ తియ్యి," అన్నాడు బ్యాంకాయన. సంచి పోయిన సంగతి విని ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"నిన్న పోయినదానికి ఈపొద్దు గంప ఎతుకుతావా సామీ?"

ఆ బోగీలో ఆ పూట హేతుబద్ధంగా వచ్చిన మాట అదొక్కటే. హెడ్ క్లర్కు "కర్పూరం ఎలిగిచ్చి ఆర్పమను, నిజం బయటపడతాది" అన్నాడు. అట్లాంటివి కుదరవని నేను అడ్డుపడ్డాను. హేతువాదిని కదా. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు సదువుకున్నోనివి. నేను తీసింది నువ్వు సూసినావా?"

"చూడలేదు."

"మళ్ల?"

"ఆలోచించి చెప్తాండా."

"ఎంత ఆలోచించినా నీ ఆలోచన నా గంప కాడికే వచ్చిందా?" అని, గంప నెత్తికెత్తుకుంది.

"ఇంగ ఈ బోగీలోకి రావద్దు," అన్నాడు బ్యాంకాయన.

"రైలు మీ నాయన ఏయించినాడా?" అంటూనే ఆమె పోయింది.

కానీ మాట మా బోగీలో ఆగలేదు. సీజన్ టికెట్ వాళ్లకు చేరవేయడానికి కబుర్లే కదా ఉండేది. రెండు రోజుల్లో రైలంతా తెలిసింది. ఆమె ధర్మవరంలో ఎక్కబోతే ప్రతి బోగీ వాకిట్లోనూ ఎవరో ఒకరు కాళ్లడ్డం పెట్టి కూర్చున్నారు. ఆ రైలే ఆమె అంగడి. వారం తిరక్కుండా దాన్ని మూయించాం. నేను మాత్రం అంజనానికి పోకుండా మా వాళ్లను కాపాడానని తృప్తిగా ఉన్నాను.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున హెడ్ క్లర్కు నవ్వుకుంటూ రైలెక్కాడు. చేతిలో పసుపు సంచి.

"ఏం చెప్పల్ల అప్పా! మా ఇంటామె మొన్న 'ఈ మేకుకు యాలాడే సంచి ఎన్నాళ్లుంటాది?' అని అరిసింది. దించి చూస్తే ఆఫీసు ఫైళ్లు. నేను ఆఫీసుకు తీసుకపోయినాననే అనుకుంటి. అయితే ఆఫీసులో బీరువా మీద నేను పెట్టిన సంచిలో ఏముండాది? నిన్న పోయి చూస్తే..." అని పట్టుచీర బయటికి తీశాడు.

ఆ గురువారం ఆయన ఫైళ్ల సంచి ఇంట్లోనే మరిచి వచ్చాడు. పైన అదే రంగు సంచి కనిపిస్తే తనదే అనుకుని పెనుకొండలో దించుకుపోయాడు.

"రెండు నెల్లు ఆ ఫైళ్లు యాడ అని ఎవురూ అడగలేదా సార్?" అన్నాడు బ్యాంకాయన.

"గవర్నమెంటు కదప్పా!"

రైలంతా అదిరేలా నవ్వాం. నవ్వనిది టీచరమ్మ ఒక్కతే. పెళ్లి ఎప్పుడో అయిపోయింది. ఒళ్లో చీర పెట్టుకుని "మళ్ల ఆమె?" అంది.

"పోనీలే టీచరమ్మా, చీర దొరికె గదా," అని బ్యాంకాయన పేకముక్కలు పంచాడు.

నేను ముక్కలు ఎత్తలేదు. పెనుకొండలో దిగింది ఇద్దరు. నా సూత్రం ప్రకారమే పోయినా వేలు ఎవరి మీదికి పోవాలి? విభూతి పెద్దమనిషి మీద ఎవరికీ అనుమానం రాదు. ఆయన పేరెత్తితేనే నవ్వొచ్చింది. అంటే సూత్రం ఆయన్నే చూపించింది. మేం దాన్ని నవ్వి పక్కకు నెట్టి, గంప మోసే మనిషి దగ్గర ఆగాం. ఆమె మీద అనుమానం రాదని నేనన్నది పచ్చి అబద్ధం. అందరికీ సులభంగా అనుమానం వచ్చేది ఆమె మీదే. కాబట్టే టీచరమ్మ తప్ప ఒక్కరూ నాకు అడ్డు చెప్పలేదు. సినిమాలు చేసేదీ ఇదే. వంటవాడు, తోటమాలి, మెల్లకన్ను వాడు, పిచ్చివాడు. ఊహించని మలుపు అంటూ మనం ముందే ఊహించి పెట్టుకున్నవాణ్ణే మనకు చూపిస్తారు.

ఇంకో సంగతి. అసలు దొంగతనం జరిగిందా అని నలుగురిలో ఎవ్వరం అడగలేదు. తెర మీద శవం పడితే హంతకుడు ఉండి తీరాలి. లేకపోతే చూసేవాడు కుర్చీలు విరగ్గొడతాడు. ఇళ్లల్లో, ఆఫీసుల్లో పోయిన వస్తువుల్లో చాలావాటి వెనక మతిమరుపు మనిషే ఉంటాడు. కానీ ఆ సినిమా ఎవరూ తీయరు. తమలపాకులో ముఖం చూసేవాడికి కనీసం ఆకు ఖర్చుంది. నాకు అదీ లేదు.

ఆ సాయంత్రమే ధర్మవరం బస్టాండులో వెతికాను. ముదిగుబ్బ బస్సు కిటికీల కింద జామకాయలు అమ్ముతూ కనిపించింది.

"అక్కా, చీర దొరికింది."

"యాడ?"

"సారు ఆఫీసులో. తనదనుకుని ఎత్తకపోయినాడు."

"ఆయప్పను ఏమన్నారు?"

"ఏమనలేదు. నవ్వినాం."

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూడలేక గంపంతా కొంటానన్నాను.

"నా కాయలు కొనేకి జనం ఉండారు. నువ్వు కొని నన్ను ఉద్ధరించొద్దు."

"తప్పయిపాయ. మన్నించక్కా."

"ఈడ బస్సు సాటున చెప్తే ఎవురికి ఇనపడతాది? ఆపొద్దు ఎంతమంది ఇన్యారో అంతమందికీ చెప్పు. రేపు వస్తా."

వచ్చింది. వాకిట్లో అడ్డంగా ఉన్న కాళ్లను నేనే తీయించాను. సభల్లో గంటలు గంటలు మాట్లాడిన నేను ఆ పొద్దు పక్క సీటువాళ్లకు మాత్రమే వినపడేలా మొదలుపెట్టాను. "గట్టిగా," అంది ఆమె. ఈమె తీయలేదని, చూడకుండానే నేను చెప్పానని, సంచి ఎత్తుకుపోయింది సారని అన్నాను. హెడ్ క్లర్కు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "ఇదేం నాటకమప్పా పొద్దున్నే?" అన్నాడు బ్యాంకాయన. టీచరమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది. "పక్క బోగీల్లో గూడా," అంది చెనక్కాయల ఆమె. ప్రతి స్టేషన్లో దిగి ఎక్కుతూ, ప్రతి బోగీలోనూ అదే మాట చెప్పాను. పెనుకొండ కొండ కనిపించేసరికి రైలంతా అయిపోయింది.

ఆమె మళ్లీ ఆ రైల్లో అమ్ముకుంది. కానీ నేను ఆ రైలెక్కినన్నాళ్లూ మా మూలలో గంప దించలేదు. మమ్మల్ని దాటి పోయేది. మేం పిలవలేదు, పిలిచే ముఖం లేదు.

రెండువేలు దాటాక టీవీలో నేరాల కార్యక్రమాలు వరదలా వచ్చాయి. నల్ల తెర ముందు నిలబడి ఒకడు గొంతు బిగించి "ఎవరా దుర్మార్గుడు?" అని అరుస్తాడు. పోలీసులకే తెలియనిది వాడికి తెలుసు. నేనిప్పటికీ చూస్తాను, వెక్కిరిస్తాను, హంతకుడు ఎవరో పందెం కాస్తాను. బొమ్మ తెర మీద ఉన్నంతసేపు మీరూ కాయండి.

తెర బయట ఒక మనిషి వైపు వేలు చూపి ఉంటే మాత్రం ఆ వేలు వెనక్కి తీసుకోండి. ఇంట్లో పనిచేసే ఆమె కావచ్చు, అద్దెకున్న కుర్రవాడు కావచ్చు, తోడికోడలు కావచ్చు. మనసులో క్షమాపణ చెప్పుకుని పడుకోవద్దు. టీవీ కట్టెయ్యండి, చెప్పులేసుకోండి, వాళ్లుండే చోటికి పోయి, ఎవరెవరి ముందు అన్నారో వాళ్లందరినీ పిలిచి నిలబెట్టి చెప్పండి. ఇవాళే పొండి.