తాడు అవతలి వన్స్‌మోర్

వన్‌టౌన్ వాస్తవ్యులకూ, సరుకు కోసం వచ్చిపోయే పొరుగూళ్ళ వారికీ, బండ్లు అడ్డంగా పెట్టి మాయమయ్యే పెద్దమనుషులకూ ముఖ్య ప్రకటన. ఈ వారం మొదలుకొని మా వీధిలో టీవీ పాటల పోటీ నిశ్శబ్దముగా చూడబడును. జడ్జీలను వరసబెట్టి తిట్టు కార్యక్రమము శాశ్వతముగా రద్దయినది. సదరు కార్యక్రమ నిర్వాహకురాలు, మా మేనత్త, మొన్న సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కుర్చీలో వెనక్కి వాలి వెళ్ళిపోయినది. కావున జడ్జీలు ఇకమీదట నిర్భయముగా మాట్లాడవచ్చును.

ప్రకటన అయిపోయింది. ఇక మనుషుల భాషలో చెప్తాను.

నా చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది. నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. అది అత్తయ్య పోలికని మా నాన్న చచ్చేదాకా మొత్తుకున్నాడు. వన్‌టౌన్‌లో ఆమెకి గోతాల కొట్టు ఉండేది. మిల్లుల నుంచి పాత గోతాలు కొని, దులిపించి, చిరుగులు కుట్టించి మళ్ళీ అమ్మడం. రోజంతా ఆ దుమ్ములో కూర్చుని తోపుడుబళ్ళ మీదా, ముఠా కూలీల మీదా కేకలేసిన గొంతు అది. సాయంత్రానికి ఎవరికైనా బొంగురుపోతుంది. ఆమెకి పదునెక్కేది.

ఆ గొంతుకి రెండో ఉద్యోగం ఒకటుంది. వన్స్‌మోర్ కొట్టడం.

ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. మా వైపు పద్యనాటకం ఆడితే, పద్యం రక్తి కట్టినప్పుడు జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేక లేచేది. లేచిందంటే ఆ నటుడు మళ్ళీ పాడాల్సిందే. కథలో చచ్చిపడున్న వాడైనా సరే, లేచి, పంచె దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. ఈ కేకలన్నీ మగవాళ్ళవి. ఆడవాళ్ళకి తాడు కట్టి, అవతల చాపలు పరిచేవారు. తాడు అవతలి నుంచి వన్స్‌మోర్ కొట్టిన ఆడమనిషి నాకు తెలిసి ఒక్కతే, మా అత్తయ్య.

అందులోనూ ఆమె లెక్క వేరు. బాగా పాడినవాడికి ఎవరైనా కొడతారు. అత్తయ్య తడబడ్డవాడికి కొట్టేది. శ్రుతి తప్పి, చెమటలు పట్టి, మెట్లెక్కడున్నాయా అని చూసుకుంటున్నవాడికి సరిగ్గా అప్పుడే పడేది ఆ కేక. ఎగతాళి చేస్తోందని ఏడ్చినవాళ్ళున్నారు. నేనూ ఎగతాళే అనుకుని, నా రక్తమే కదా అని గర్వపడ్డాను.

"ఎగతాళేంట్రా సన్నాసీ," అంది. "మొదటిసారి భయం పాడుద్ది. రెండోసారికి గానీ మనిషి బయటికి రాడు."

కీర్తనా, సినిమా పాటా, నాటకం పద్యం, ఊడ్పుల పాటా, భజనా, ఏదైనా ఆమెకి ఒకటే చెవి. ఇది గొప్పది, అది తక్కువది అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ రోజు వాడికి మూడినట్టే.

డెబ్భై ఏడు తుఫానుకి ముందు మాట ఇది. శ్రీరామనవమి పందిట్లో పాటల పోటీ పెట్టారు. బల్ల వెనక ముగ్గురు జడ్జీలు. సంగీతం మాస్టారు ఒకరు, ప్లీడరు ఒకరు, చందా భారీగా రాసిన పుణ్యానికి బియ్యం వ్యాపారి ఒకరు. బల్ల మీద గంట. గంట కొడితే పాట ఎక్కడున్నా ఆపి దిగిపోవాలి. మైకులో పేర్లు పిలిచే పని నాకిచ్చారు. నాకు పనేదీ లేకపోతే ఏం చేస్తానో కమిటీ వాళ్ళకి బాగా తెలుసు.

మా కొట్టు అరుగు మీద ఒకామె ఎండుచేపలు అమ్ముకునేది. బందరు వైపు సముద్రపొడ్డు పల్లె ఆమెది. వల లాగేటప్పుడు వాళ్ళు పాడుకునే పాట ఒకటి ఆమె నోట్లో ఎప్పుడూ నలుగుతుండేది. ఓరోజు బుట్ట సర్దుకుంటూ అత్తయ్యతో అంది.

"మైకులో నా గొంతు ఎట్టా ఉంటదో ఒక్కసారన్నా ఇనాలనుందక్కా. పాట మొత్తం. సివరిదాకా."

"దానికేం భాగ్యం," అంది అత్తయ్య. ఆ సాయంత్రమే ఆమె పేరు పోటీలో ఇచ్చొచ్చింది.

పోటీ రోజున ఆమె తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. అయినా స్టేజీ ఎక్కగానే ప్లీడరుగారు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆమె అది చూసింది. చూశాక గొంతు వణికింది. మైకుకి మరీ దగ్గరగా నిలబడితే అది కుయ్యిమంది. పాటలో వల ఇంకా నీళ్ళలో ఉండగానే మాస్టారు గంట కొట్టారు.

"అమ్మా, ఇది పని చేసుకుంటూ పాడుకునేది. పోటీకి తగ్గ పాట తెచ్చుకోవాలి. దిగండి."

ఆమె చీర చెంగు భుజం మీదికి లాక్కుంది. అప్పుడు పడింది, తాడు అవతలి నుంచి.

"వన్స్‌మోర్!"

"ఎవరది? పోటీలో వన్స్‌మోర్‌లు లేవు," అన్నారు మాస్టారు.

"మిమ్మల్ని కాదండీ మాస్టారూ. పాడే మనిషిని అడిగాను."

"జడ్జిమెంటు అయిపోయిందమ్మా, కూర్చో," అన్నారు ప్లీడరు, రుమాల్లోంచే.

"వినకుండా ఎట్టా అయిపోద్దండీ? గోతాం మీద ముద్ర చూసి బరువు చెప్పేవాణ్ణి మా కొట్టులో పన్లో కూడా పెట్టుకోం. ఎత్తి చూడండి. వన్స్‌మోర్!"

అంతే, పందిరి లేచింది. తాడు అవతల ఆడవాళ్ళు లేచారు, ఇవతల ముఠా కూలీలు లేచారు. పానకం పోసేవాళ్ళు గ్లాసులతో దరువేశారు. వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని ఒకటే హోరు.

ప్లీడరు నా మీద పడ్డాడు. "చూస్తావేంట్రా, తర్వాత పేరు పిలువు!"

నేను కాగితం తలకిందులుగా పట్టుకుని, "చదవడం రావట్లేదండీ. నాది ఆరో తరగతండీ," అన్నాను. నా చదువు నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

ఆమె మైకుకి కాస్త దూరంగా జరిగి మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి వణుకు లేదు. ఆ పాటలో ఒక సదుపాయం ఉంది. వలలో ఏ చేపలు పడితే వాటి పేర్లు కలుపుకుంటూ పోవచ్చు. మొదటిసారి వంజరం, చందువ అంటూ మొదలుపెట్టింది. రెండోసారి వేరే చేపలు పడ్డాయి. ముక్కుకి గుడ్డ కట్టుకున్న చేప ఒకటి, గంట మింగిన చేప ఒకటి, ఏం జరుగుతోందో తెలియని లావుపాటి చేప ఒకటి. మూడింటినీ ఒడ్డుకి లాగి, తిరగేసి చూసి, కూరకి పనికిరావని మళ్ళీ సముద్రంలో వదిలేసింది. పందిరి నవ్వుతో ఊగింది. మాస్టారి చెయ్యి గంట దాకా వెళ్ళి, ఏమనుకుందో ఏమో, పక్కనే బల్ల మీద తాళం వేస్తూ ఉండిపోయింది. పాట చివరిదాకా వెళ్ళింది.

బహుమతి కీర్తన పాడిన ఒక పిల్లకిచ్చారు. ఆ పిల్లా బాగా పాడింది, అబద్ధమెందుకు? కప్పు తీసుకుని దిగుతూ మెట్టు మీద కాలు జారితే, దానిక్కూడా వన్స్‌మోర్ కొట్టింది అత్తయ్య.

"ఎట్టా ఉందే నీ గొంతు?" అని చేపలామెని అడిగితే, "నాది కాదేమో అనిపించిందక్కా. బాగుంది," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తుఫాను తర్వాత ఆ బుట్ట మా అరుగు మీదికి రాలేదు. ఆ చోట అత్తయ్య ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆమెని నేను అడగనిది అదొక్కటే.

కొట్టు ఎత్తేశాక ఆమెకి టీవీ దొరికింది. దానికి జడ్జీలు దొరికారు. 'ఫీల్ మిస్సయింది నాన్నా' అని జడ్జీ అంటే, "మిస్సయితే వెతికించు, మళ్ళీ పాడించు. ఇంటికెందుకు పంపిస్తావు?" అని లేచేది. ఏడుస్తూ వెళ్ళిపోతున్న పిల్లలకి ఇంట్లోంచే వన్స్‌మోర్ కొట్టేది. ఇంతలో సబ్బు ప్రకటన వచ్చేది. "చూశావుట్రా, ఆ సబ్బుకి మాత్రం ఎన్ని వన్స్‌మోర్‌లో!"

ఓసారి పల్లెపాటల వారం అని పెట్టారు. ఒక పిల్లకి నెత్తిన కుండ పెట్టి, నడుముకి కొడవలి కట్టి నిలబెట్టారు. "కుండలో నీళ్ళున్నాయేమో అడగరా," అంది. "అయినా పల్లెపాటకి ఒక్క వారమేంటి? మిగతా వారాలు పల్లెలు ఎటు పోతాయి?" ఆ రాత్రి ఆమె అన్నం సగంలో వదిలేసింది.

నేను ఊరుకుంటానా? మర్నాడు ఎస్టీడీ బూతు నుంచి గొంతు మార్చి ఫోన్ చేశాను. "టీవీ ఆఫీసు నుంచండీ. మిమ్మల్ని మా పోటీకి జడ్జీగా పిలుద్దామని."

"జడ్జీగా రానండీ. ఆ కుర్చీలో కూర్చుంటే వన్స్‌మోర్ కొట్టే హక్కు పోద్ది. జనంలో చివర చాపెయ్యండి, వస్తాను," అని, కాస్త ఆగి, "ఏరా, జలుబు చేసిందా? మిరియాల పాలు కాస్తాను, రా," అంది.

మొన్న పాడె ఎత్తినప్పుడు వీధి వీధంతా నా మొహంకేసి చూసింది. ఈ వెధవ ఇప్పుడు వన్స్‌మోర్ అని అరుస్తాడని. నేను అరవలేదు. ఆ కేక తడబడ్డవాళ్ళకి. మా అత్తయ్య ఎక్కడా తడబడలేదు.

ఒక్కటి చెప్పి ఆపుతాను. పైన పందిరంతా లేచిందని రాశాను చూశారూ, అది పచ్చి కల్పన. ఆడవాళ్ళు లేవలేదు, కూలీలు లేవలేదు, పానకం గ్లాసు ఒక్కటి మోగలేదు. నవ్విందీ అత్తయ్య ఒక్కతే. ఒంటరిగా అరిచిందని రాస్తే మీరెక్కడ అయ్యో పాపం అంటారోనని జనాన్ని పోగుచేశాను. అయ్యో పాపం అనేవాళ్ళంటే ఆమెకి జడ్జీల మీద కంటే మంట. తీరా రాసింది చదువుకుంటే, ఆమె ఒక్కదాని కేకని ఊరందరికీ పంచిపెట్టినట్టుంది. అందుకని జనాన్ని వెనక్కి పంపేస్తున్నాను. కూర్చోండి, అందరూ కూర్చోండి.

ఇప్పుడు కనిపిస్తోంది సరిగ్గా. పందిరంతా తలలు వంచుకుని కూర్చుంది. తాడు అవతల ఒక్క మనిషి నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి, చీరంతా గోతాల పీచు. ఒక్క గొంతు, జడ్జీలు అలిసేదాకా. స్టేజీ మీద ఇంకో మనిషి, మైకు సంగతి మరిచిపోయి ఆమెకేసే చూస్తూ, వల మళ్ళీ విసిరింది.