గోవా వాళ్లకు నేను రాసిన తాంబూలాల పట్టీ

మా ముత్తాత శ్రీ రాజా వేంకట జగపతి రాయణింగారు కోటమల్లవరం ఎస్టేటుకు ప్రభువు. మా తాత సూర్యనారాయణ జగపతి గారు ఆ ఎస్టేటు పోయాక కూడా ప్రభువే. పోయిందని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఏటా విజయదశమినాడు మా హాల్లో దర్బారు జరిగేది. ఊళ్లో ఏ ఇంటికి ముందు తాంబూలం అందాలో, ఏ ఇంటికి తరువాత అందాలో రాసిపెట్టిన పట్టీ ఒకటి ఉండేది. ఒక ఏడాది పదకొండో ఇంటాయనకు పన్నెండో ఇంటాయన తరువాత తాంబూలం అందిందట. ఆయన ఆకులు అక్కడే వదిలేసి లేచి వెళ్లి, తొమ్మిదేళ్లు మా గుమ్మం తొక్కలేదు. నాకు ఎక్కాలకంటే ముందు ఆ పట్టీ వచ్చింది. మా నాయనమ్మ ముద్దకొక ఇంటిపేరు చెప్పిస్తూ అన్నం తినిపించేది.

ఈ వంశవృక్షమంతా ఎందుకంటే, ఆ విద్యను నేను సింగపూర్‌లో గోవా వాళ్లమీద ప్రయోగించాను. ఇరవై మూడు కుటుంబాలు ఒక్క వారంలో నామీద అలిగాయి. ఒక్కరైనా సంతోషించలేదా అని మీరు అడగవచ్చు. మొదటి స్థానం దక్కినాయనే అందరికంటే ఎక్కువ అలిగాడు.

అవి వైటూకే రోజులు. కంప్యూటర్లకు కొత్త శతాబ్దం అర్థంకాక బ్యాంకులూ విమానాలూ ఆగిపోతాయని లోకమంతా వణుకుతోంది. ఆ వణుకు పుణ్యమా అని నాలాంటివాళ్లకు విమానం టిక్కెట్లు వచ్చాయి. నేను ఒక బ్యాంకులో ప్రోగ్రాములు దిద్దుతూ, టాంపినీస్ అనే పేటలో ఫిలొమెనా ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీది గోవా. భర్త పోయాక బట్టలు కుట్టి ఇల్లు నడిపేది. కూతురు లీనా పదహారేళ్లది, ఇక్కడే పుట్టింది. ఆంటీ చేసే చేపల పులుసు తిన్న రోజు నేను ఎస్టేటు పోయిన సంగతి కూడా మరిచిపోయేవాణ్ణి.

బ్యాంకులో నా పక్క సీటు బాస్కోది. అతనిదీ గోవాయే. మా చుట్టుపక్కల ఉన్న గోవా వాళ్ల కోసం నెలకొకసారి నాలుగు పేజీల పత్రిక రాసి, జిరాక్స్ తీయించి పంచేవాడు. అందులో వార్త పావు పేజీ. మిగిలిన మూడుంబావు పేజీలూ పోయిన నెల వార్తకు వచ్చిన జవాబులు. మనకు కృష్ణా, గోదావరి జిల్లాలు ఎలాగో వాళ్లకు ఉత్తరాన బార్దేజ్, దక్షిణాన సాల్సెట్ అలాగ. ఉప్పు గురించి మాట్లాడినా రెండు ఒడ్లమీద నిలబడే మాట్లాడతారు.

డిసెంబరులో వాళ్ల పండుగ భోజనం గురించి మీటింగ్ పెట్టారు. ముందురోజు బాస్కో నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, నేను తెలుగులో చెబుతున్నాను.

"సూర్యా, రేపటి మీటింగ్ రిపోర్ట్ నువ్వు రాయాలి."

"నేనెందుకు? నాకు గోవా గురించి ఏమీ తెలియదు కదా."

"అదే కావాలి మ్యాన్. నేను బార్దేజ్ వాణ్ణని సాల్సెట్ వాళ్లు నా రిపోర్ట్ చదవరు. సాల్సెట్ వాడు రాస్తే మావాళ్లు చదవరు. నువ్వు రాస్తే ఎవరూ ఏమీ అనలేరు."

మధ్యవర్తిత్వం మా రక్తంలో ఉంది. వెన్ను నిటారుగా పెట్టి ఒప్పుకున్నాను.

మీటింగ్ మా బ్లాక్ కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో జరిగింది. విషయం ఒక్కటే. పండుగనాటి చేపల పులుసులో పులుపు చింతపండుదా, కోకందా. కోకం అంటే ఎండబెట్టిన ఒక పుల్లటి పండు తొక్క. దాని గురించి రెండు గంటలు మాట్లాడారు.

"చింతపండు వేస్తే అది మద్రాసు పులుసు."

"మా అమ్మ నలభై ఏళ్లు చింతపండే వేసింది. మా అమ్మది మద్రాసా?"

"మీ అమ్మగారి మాట నేను ఎత్తలేదు. మీ పులుసు మాట ఎత్తాను."

పుట్టిందగ్గర్నుంచి చింతపండు తిన్నవాణ్ణి, నోరు కట్టుకుని కూర్చోవడం నాకెంత కష్టమైందో ఊహించుకోండి. చివరికి ఏమీ తేలలేదు. టీ ఇచ్చారు.

కొంప మునిగింది ఆ టీ దగ్గరే. వచ్చినవాళ్ల పేర్లు వట్టిగా రాయడం మర్యాద కాదనిపించింది. కప్పు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, గోవాలో మీ ఇల్లు ఎటువంటిది అని అడిగాను. ఇంటి గురించి అడిగితే గోవా వాళ్లు టీ చల్లారిపోయినా చెబుతూనే ఉంటారు. ఇంట్లోనే సొంత చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం, ఉందని కొందరు. ఊరికి మొదటి కాపురస్తులం మేమేనని కొందరు. ముందు వసారాలో రాతి అరుగులున్నాయని కొందరు, బావి ఉందని కొందరు. ఫిలొమెనా ఆంటీని కూడా అడిగాను.

"మాదేముంది బాబూ, రెండు గదులు. నాన్న ఓడలో వంటవాడు. ఇంకో కప్పు టీ పోయనా?"

గదికి వచ్చి రిపోర్ట్ రాశాను. పులుపు గురించి మూడు లైన్లు. దాని కింద "హాజరైన కుటుంబాలు, వారి వారి హోదా ప్రకారం" అని శీర్షిక. చాపెల్ ఉన్నవాళ్లు ముందు, మొదటి కాపురస్తులు తరువాత, ఆపైన అరుగులు, ఆపైన బావులు. ఒకటినుంచి ఇరవై మూడు దాకా నంబర్లు వేశాను. చాపెల్ వాళ్లలో కూడా ఏది పాతదో చూసి వేశాను. మా తాత చూస్తే భుజం తట్టేవారని నాలో నేనే మురిసిపోయాను. బాస్కో ఆ వారమంతా బ్యాంకు పనిలో ఇరుక్కుని, చూడకుండానే జిరాక్స్‌కు పంపమన్నాడు. ఇరవై మూడో నంబరు ఎవరిదో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ పాటి అర్థం నాకు అప్పుడు కాలేదు.

పత్రిక పంచిన మర్నాడు ఇంట్లో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మొదట రెండో నంబరు డాక్టర్ రొజారియో.

"మా చాపెల్‌కు రెండు గంటలున్నాయి. నువ్వు ఒకటో నంబరిచ్చిన కాయెతానో చాపెల్‌కు ఒకటే గంట. నువ్వు వెళ్లి చూశావా?"

"లేదండి, ఆయన చాపెల్ పాతదని..."

"పాతది కాబట్టే ఒక గంట ఊడిపోయింది."

ఆయన పెట్టేయగానే ఒకటో నంబరు, డెబ్బై ఏళ్ల కాయెతానో అంకుల్. ఈయనైనా మెచ్చుకుంటాడనుకుని సర్దుకు కూర్చున్నాను.

"నన్ను అవమానించావు."

"మీది మొదటి స్థానం కదా అంకుల్."

"నా తరువాత వెంటనే రొజారియోను పెట్టావు. మధ్యలో ఖాళీ ఎక్కడుంది? ఒకటి తరువాత తొమ్మిది రావాలి."

బార్దేజ్ వాళ్లు ఇది సాల్సెట్ కుట్ర అన్నారు. సాల్సెట్ వాళ్లు బాస్కో నాచేత రాయించాడన్నారు. అన్నేళ్లలో రెండు వర్గాలూ ఒక్కటైంది నన్ను తిట్టడంలోనే. బాస్కోకు ముప్పైకి పైగా లేఖలు వచ్చాయి.

"నాలుగు పేజీల పత్రిక మ్యాన్," అన్నాడు తల పట్టుకుని. "వచ్చే నెల నీకోసం పుస్తకం వేయాలి."

వీళ్లందరినీ భరించేవాణ్ణి. ఫిలొమెనా ఆంటీ ఒక్క మాట కూడా అనలేదు, అదే భరించలేకపోయాను. మూడు రోజులు నా కంచం బల్లమీద మూతపెట్టి ఉండేది, ఆవిడ ఉండేది కాదు. లీనా మాత్రం తలుపు దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసి, సింగపూర్ యాసలో అంది.

"లాస్ట్ ప్లేస్ లా. మమ్మీ మూడుసార్లు చదివింది. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చదివింది."

నాలుగో రోజు ఆంటీ నా గది గుమ్మంలోకి వచ్చింది.

"నెలాఖరుకు ఇంకో గది చూసుకో సూర్యా. చాపెల్ ఉన్న ఇంట్లో."

క్షమించమని అడగడానికి లేచాను. మా వంశంలో ఆ పని ఎవరూ చేసి ఉండకపోవడంతో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నేను గొంతు సవరించుకునే లోపల ఆవిడ వెళ్లిపోయింది. మరుసటి వారం మూడు గదులు చూశాను. రెండుచోట్ల వంట చేయకూడదన్నారు. మూడోచోట గదే లేదు, హాల్లో తెర కట్టి చూపించారు.

పండుగ వచ్చింది. పులుసు వండే పని ఎప్పుడూ ఆంటీదే. పట్టీ చూసి ముఖాలు ముడుచుకున్నవాళ్లు కూడా ఆవిడ చేతి వంట కోసం వాయిడ్ డెక్‌కు వచ్చారు. కుర్చీమీద టిష్యూ పొట్లం పెడితే ఈ ఊళ్లో అది ఆ కుర్చీకి పట్టా. ఆ రోజు డాక్టర్ రొజారియో మొదటి వరుస మొత్తానికీ పొట్లాలు పెట్టాడు. కాయెతానో అంకుల్ వాటి ముందు ఇంకో వరుస కుర్చీలు వేయించి వాటిమీద పెట్టాడు. ఇలా వరుసలు ముందుకు జరిగి జరిగి లిఫ్టు దాకా వచ్చాయి. నేను వెనక స్తంభం చాటున నిలబడ్డాను.

ఆంటీ పులుసు గిన్నె ముందు గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో పత్రిక ఎత్తింది.

"హోదా ప్రకారం వడ్డిస్తాను," అంది. "కిందనుంచి. ఇరవై మూడు నేనే. నేను వడ్డించాలి కాబట్టి తరువాత తింటాను. సూర్యా, నీ పేరు ఇందులో లేదు. ఇలా రా."

నడిచాను. దర్బారు హాల్లో పుట్టిన మనిషి నడవవలసినట్టే నడిచానని ఇప్పటికీ నా నమ్మకం.

"మీ ఇంట్లో చాపెల్ ఉందా?"

"పూజామందిరం ఉండేది ఆంటీ."

"ఇప్పుడు?"

"ఇంటితోపాటే పోయింది."

"బావి?"

"అదీ."

"ఇల్లు ఎవరు తీసుకున్నారు?"

"బియ్యం మిల్లు ఆయన. హాల్లో బస్తాలు పెడుతున్నాడు."

"మరి నీ ఇల్లెక్కడ?"

"టాంపినీస్‌లో, మీ ఇంట్లోనే ఆంటీ. నెలాఖరు వరకు."

ఎవరో ఫక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు, బార్దేజ్ సాల్సెట్ తేడా లేకుండా. ఆంటీ మాత్రం నవ్వలేదు. చెవివెనక పెన్సిల్ తీసి, తన పేరు కింద ఇరవై నాలుగు వేసి నా పేరు రాసింది. మొదటి కంచం నా చేతిలో పెట్టింది.

"నెలాఖరు మాట కొట్టేశాను," అంది నెమ్మదిగా. "నాకంటే కింద ఒకడున్నాడు. వాణ్ణి వదులుకోలేను."

ఇరవై రెండు పిలిచింది, ఇరవై ఒకటి పిలిచింది. చిట్టచివర కాయెతానో అంకుల్ కంచం పట్టుకుని వచ్చాడు.

"ముక్క ఏమైనా మిగిలిందా ఫిలొమెనా?"

"తల మిగిలింది అంకుల్. మీ హోదాకు అదే తగినది."

మా ఇంట్లో మొదటి తాంబూలం మా తాతకు అన్నీ ఉన్నందుకు అందేది. మొదటి కంచం నాకు ఏమీ లేనందుకు అందింది. పులుసులో చింతపండే పడింది. ఆ సంగతి నా నాలుక పట్టేసినా, అక్కడ ఎవరికీ చెప్పలేదు.

మా ముత్తాత మీసం సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ సభలో ఎవరి పేర్లు రాయవలసి వచ్చినా అకారాది క్రమంలో, పెన్సిల్‌తో, తలుపుకు దగ్గరగా నిలబడి రాస్తాను.

తాంబూలాల పట్టీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దర్బారులో మా తాత కూర్చున్న టేకు కుర్చీని మాత్రం నా కంప్యూటర్ కోర్సు కోసం మా నాన్న విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోకు అమ్మారు.