పెనం చుట్టూ పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏ ఫ్రీవేకి ఏ ఎగ్జిట్ తీసుకోవాలో, ఏ కంపెనీ వీసా పనులు సరిగ్గా చేస్తుందో, ఎవరికి ఎవరితో ముడిపెడితే కాపురం నిలుస్తుందో, అన్నీ తెలుసు. ఇరవై ఆరేళ్ళు, అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సొంత కారు (అంటే కారు బ్యాంకువాళ్ళది, నడపడం నాది). ఫోన్ కార్డులు కొనుక్కుని ఇండియాకి మాట్లాడే కాలం అది. తెనాలి నుంచి మా అమ్మ ఏం చెప్పబోయినా "నాకు తెలుసులే అమ్మా" అనేసి కార్డులో నిమిషాలు మిగిల్చేదాన్ని.

అలాంటి నాకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి నేపర్‌విల్‌లో ఇంజనీరు. మూడు వారాలు ఫోన్లో మాట్లాడుకున్నాం. గొంతు బాగుంది, చదివిన పుస్తకాలు బాగున్నాయి, పైగా నేను ఏం చెప్పినా "కరెక్ట్" అనేవాడు. అంతకంటే ఏం కావాలి? నచ్చేశాడు. పైకి బింకంగా "చూద్దాం" అంటున్నాను గానీ, పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలో కూడా మనసులో తేలిపోయింది. ఇక మిగిలిందల్లా వాళ్ళ పెద్దనాన్నగారు నన్ను చూడడమే. ఆయన ఎప్పుడో మేమెవరం పుట్టకముందు అమెరికా వచ్చి స్థిరపడిన డాక్టరుగారు, మాకు అరగంట దూరంలో ఉండేవారు. అబ్బాయి తల్లిదండ్రులు ఇండియా నుంచే "అన్నయ్య చూసి సరేనంటే మాకూ సరే" అని చేతులు దులుపుకున్నారు. అబ్బాయి శనివారం విమానంలో వస్తాడు, పెద్దనాన్న, పెద్దమ్మలతో కలిసి నన్ను చూస్తాడు. చోటు మాత్రం నేనే చెబుతానన్నాను.

ఇండియన్ రెస్టారెంటయితే ఇంకేమన్నా ఉందా? మేం మెనూ తెరిచేలోపు హెర్న్‌డన్‌లో సగం మందికి, బిల్లు వచ్చేలోపు తెనాలికి తెలిసిపోతుంది. అందుకని మా ఆఫీసు దగ్గరున్న చిన్న జపనీస్ రెస్టారెంట్ ఎంచుకున్నాను. వారంలో రెండుసార్లు లంచ్‌కి వెళ్ళేదాన్ని. నిశ్శబ్దంగా, గుడిలో ఉన్నట్టుండేది. తెలుగువాళ్ళ మొహం ఒక్కటీ అక్కడ చూసి ఎరగను. "ఆ పచ్చిచేపల హోటల్లోనా పెళ్ళిచూపులు?" అని అమ్మ గగ్గోలు పెట్టింది. కూరగాయలు, అన్నం, టోఫు అన్నీ ఉంటాయని చెప్పాను. "సరే ఏడువు. పెద్దవాళ్ళ ముందు కాస్త నోరు అదుపులో పెట్టుకో" అంది.

అక్కడే పప్పులో కాలేశాను. నేను ఎరిగింది మధ్యాహ్నం లంచ్ మాత్రమే. శనివారం సాయంత్రం ఆ హోటల్ సంగతి వేరని నాకేం తెలుసు? మధ్యాహ్నం మూసి ఉండే వెనకగది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మంచమంత ఇనప పెనం, దాని చుట్టూ కుర్చీలు, అందరి ఎదుటే వండిపెట్టే షెఫ్. ముందుగది నిండిపోయిందని మా నలుగుర్నీ తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టారు. మిగతా కుర్చీల్లో ఎవరో పిల్లాడి పుట్టినరోజు పార్టీ. తలకి కాగితం టోపీలు, నోట్లో బూరాలు. నా గుడి కాస్తా తిరనాళ్ళయింది.

డాక్టరుగారు సూటూ బూటూ వేసుకుని నిటారుగా కూర్చున్నారు. మొహంలో ఏ భావమూ లేదు, ఎక్స్‌రే చూస్తున్నట్టు నన్నే చూస్తున్నారు. పెద్దమ్మగారు పెనం వైపు అనుమానంగా చూసి, "అమ్మాయీ, దీనిమీద ఇంతకుముందు ఏం చేశారో ఏమో, మేం శాకాహారులం. ఒకసారి కడగమను తల్లీ" అన్నారు. చెప్పాను. షెఫ్ మంచివాడు, పెనం గీకి, నీళ్ళు పోసి తుడిచి, మా కూరగాయలు ముందు వండుతానన్నాడు. పుట్టినరోజు తల్లి కూడా ఒప్పుకుంది. అలా మొదటి బంతి మాదయింది. నాకు మళ్ళీ ధైర్యమొచ్చింది. అతను ఉల్లిపాయ చక్రాలు గోపురంలా పేర్చి, నూనె పోసి అంటించాడు. భగ్గున మంట లేచింది. పెద్దమ్మగారు వెనక్కి జరిగి, "ఇంకా మాటలే కాలేదు, అప్పుడే హోమమా!" అన్నారు. నేను నవ్వాను. అబ్బాయి నవ్వలేదు, మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

తర్వాత ఆ షెఫ్ దోసకాయలాంటి జుకినీ ముక్కలు గరిటెతో ఎగరేసి జనం నోళ్ళలోకి విసరడం మొదలుపెట్టాడు. ఇది వాళ్ళ శనివారం వేడుకట. పిల్లలు నోళ్ళు తెరుస్తున్నారు, ముక్కలు ముక్కుల మీద పడుతున్నాయి, ఒకటే గోల. "శుభమా అని పెళ్ళిచూపులకొస్తే, కాకులకి వేసినట్టు ఈ విసరడమేమిటమ్మా!" అని పెద్దమ్మగారు బుగ్గ నొక్కుకున్నారు. అంతలో ఒక ముక్క అబ్బాయి వైపు వచ్చింది. అతను "నో, నో, ప్లీజ్" అంటూ మొహం తిప్పుకోబోయాడు. అది కళ్ళద్దాలకి తగిలి అక్కడే అంటుకుంది.

తర్వాత నా వంతు. నేనేం చేశానో నాకు తెలిసేలోపే అయిపోయింది. చిన్నప్పుడు డాబా మీద మా చిన్నమావయ్యా నేనూ వేయించిన వేరుశనగపప్పులు ఎగరేసుకుని నోటితో అందుకునేవాళ్ళం. ముక్క గాల్లో కనబడగానే మెడ దానంతటదే వంగింది, నోరు తెరుచుకుంది, టక్కున పట్టేశాను. పిల్లలు గొల్లున అరిచారు. షెఫ్ రెండడుగులు వెనక్కి వెళ్ళి మళ్ళీ విసిరాడు, మళ్ళీ పట్టాను. గోడదాకా వెళ్ళి విసిరాడు. కుర్చీలోంచి సగం లేచి అదీ పట్టాను. కాగితం టోపీ పిల్లల్లోంచి ఒకడు "ఆంటీ, మీరు చాలా గుడ్!" అన్నాడు అమెరికా యాసలో. అచ్చమైన తెలుగు పిల్లాడు! రహస్యం పోయింది సరే, ఇరవై ఆరేళ్ళకే ఆంటీ అనిపించుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది నేనెక్కడున్నానో. అబ్బాయి ముందుకు వంగి, "కొంచెం... అందరూ చూస్తున్నారు" అన్నాడు పళ్ళ సందుల్లోంచి. డాక్టరుగారు కళ్ళార్పకుండా చూస్తున్నారు. అయిపోయింది, నా పెళ్ళి ఆ పెనం మీదే వేగిపోయింది అనుకున్నాను.

డాక్టరుగారు కోటు విప్పి కుర్చీకి తగిలించారు. "అమ్మాయ్, నాకూ ఒకటి వెయ్యమను" అన్నారు.

"ఏవండీ! ఈ వయసులో గొంతుకి అడ్డం పడితే ఎవరు చూస్తారు?" అన్నారు పెద్దమ్మగారు.

"డాక్టర్ని నేనున్నాగా" అని ఆయన నోరు తెరిచారు. మొదటిది చెవికి తగిలింది. "మళ్ళీ" అన్నారు. రెండోది చొక్కా జేబులో పడింది. "తల వెనక్కి వాల్చండి సార్, ముక్కనే చూడండి" అని నేను కోచింగ్ మొదలుపెట్టాను. మూడోది పట్టారు. ఆ గది దద్దరిల్లింది. పెద్దమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. అబ్బాయి మాత్రం "పెద్దనాన్నా, ప్లీజ్" అని తల దించుకున్నాడు.

కార్ పార్కింగ్‌లో పెద్దవాళ్ళు కారెక్కాక అతను నాతో విడిగా మాట్లాడాడు. "ఫోన్లో చాలా మెచ్యూర్డ్‌గా అనిపించావు. ఇవాళ కొంచెం సర్‌ప్రైజ్ అయ్యాను. రేపు పెళ్ళయ్యాక ఆఫీస్ పార్టీలు అవీ ఉంటాయి కదా. అందరి ముందు కొంచెం తగ్గి ఉంటే బాగుంటుంది. అడ్జస్ట్ అవుతావు కదా?"

"అవను" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అతను "సారీ?" అన్నాడు, వినబడనట్టు. మళ్ళీ అదే చెప్పి, గుడ్‌నైట్ కూడా చెప్పి కారెక్కాను.

మర్నాడు నేను ఫోన్ చేస్తే అమ్మ శివాలెత్తింది. "ఆ పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేశాడే! పిల్ల బంగారం, మా ఇంటికి ఇలాంటిదే కావాలి, మా వాడు ఏదో తెలివితక్కువగా వాగాడట, మనసులో పెట్టుకోవద్దు అన్నాడే! వాళ్ళు సరేనంటే వద్దనడానికి నువ్వెవరివే?" అంది. ఆ ప్రశ్నకి జవాబు నాకు చాలా సులువుగా తోచింది గానీ, చెప్తే కార్డులో నిమిషాలు చాలవని ఊరుకున్నాను.

అబ్బాయి చెడ్డవాడేం కాదు. ఇప్పుడు ఆలోచిస్తే జాలి కూడా వేస్తుంది. కొత్తపిల్ల ఎదుట కళ్ళద్దాలకి కూరముక్క అంటుకుని కూర్చున్నవాడు ఆ పూట అంతకంటే బాగా ఏం మాట్లాడతాడు? ఇవాళైతే "ఆలోచించి చెబుతాను" అనేదాన్ని. నలుగుర్ని అడిగేదాన్ని. మా ఆయన (ఈయన వేరే, పక్కగదిలోనే ఉన్నారు కాబట్టి వివరాలు అనవసరం), నేనూ కలిసి మొన్న సోఫా కొనడానికి నెలన్నర పట్టింది, కొన్నాక కూడా రంగు మీద నాకు అనుమానం తీరలేదు. ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల మాత్రం నచ్చినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఒక్కమాటలో తేల్చేసింది. ఇంటికెళ్ళే దారిలో వెక్కివెక్కి ఏడ్చింది, నిజమే, కానీ కారు వెనక్కి తిప్పలేదు. అంత గట్టిపిల్ల నాలోంచి ఎప్పుడు దిగి వెళ్ళిపోయిందో నేను చూసుకోలేదు. ఎక్కడైనా కనబడితే సోఫా రంగు సంగతి అడగాలి. చూడకుండానే చెప్పేస్తుంది.