ఇరవై డబ్బాలు

మా అమ్మాయీ, మా కింది అంతస్తులో ఉండే నాచారం ఫ్యాక్టరీ ఆపరేటర్ కూతురూ ఉప్పల్‌లో ఒకే అకాడమీలో ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవారు. అక్కడి రైఫిల్‌కు ఒకే రకం సీసపు గుళ్లు కుదిరేవి. అవి విదేశాల నుంచి రావాలి. ఆ ఏడు సరుకు ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు షాపతను. అన్నీ కొనేయాలా, అవసరానికే తెచ్చుకోవాలా అని రెండు రోజులు కొట్టుమిట్టాడి, మూడో రోజు ఉన్న ఇరవై డబ్బాలూ ఎత్తుకొచ్చాను. కొత్తగా చేయించిన ప్లైవుడ్ అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఎంత ముందుచూపో అని జబ్బలు కూడా చరుచుకున్నాను.

రాష్ట్ర పోటీలకు వారం ముందు కిందాయన వచ్చాడు. వాళ్ల పిల్లకు గుళ్లు అయిపోయాయట, ఒక్క డబ్బా ఇస్తే చాలట. ఈసారి పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి దారి దొరుకుతుందన్నాడు. ఆయన కూర్చున్నది ఆ అల్మారా ముందే.

"సగం డబ్బనే మిగిలింది తమ్మీ, గది మా పిల్లకే సాలదు" అన్నాను.

మా అమ్మాయి నన్నొక చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆయనకు చాయ్ ఇప్పించాను. అబద్ధం మీద చాయ్ ఒకటా అని మా ఆవిడ తర్వాత దెప్పింది.

ఆ పిల్ల దొరికిన గుళ్లతో కాల్చి ఓడిపోయింది. ఆట మానేసి మౌలాలిలో మొబైల్ షాపులో చేరింది. మా అమ్మాయికి పతకం వచ్చింది. మిఠాయి డబ్బా మొదట వాళ్లింటికే పంపాను. సిగ్గూ శరం లేని జన్మ నాది.

మరుసటి ఏడు పోటీల ముందు అల్మారా తీస్తే, మిగిలిన డబ్బాలన్నిటా గుళ్ల మీద తెల్లటి బూడిద. కోచ్ నవ్వాడు. కొత్త ప్లైవుడ్ ఆవిరికి సీసం పాడైపోతుందట. షాపులో ఇంకా సరుకు లేదు. గుళ్ల కోసం నేను ఊరంతా తిరుగుతున్నానని విని కిందాయన పైకి వచ్చాడు. చేతిలో స్టీల్ టిఫిన్, అందులో సీలు తీయని గుళ్ల డబ్బా.

"అప్పుడు ముంబై నుంచి తెప్పిచ్చిన అన్నా. పోటీలైన తెల్లారి వచ్చింది. మా బిడ్డ ముట్టలే. మీ బిడ్డకన్న పనికొస్తది."

అక్కడే సీలు తీసి చూశాను. గుళ్లు నిగనిగలాడుతున్నాయి. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఇంకొకటి ఉన్నదా తమ్మీ?" అన్నాను.