పదకొండు నిమిషాల ఆటగాడి తీర్పు

నేను పోటీల్లో హాకీ ఆడింది మొత్తం పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో నా మీద నాలుగు గోల్స్ పడ్డాయి. ఆ రోజు పొద్దున తిన్న పెరుగువడ పడక మా గోల్‌కీపర్ పడుకుంటే, రెండేళ్ళుగా బెంచీ మీద కూర్చున్న నన్ను లోపలికి పంపారు. నాలుగో గోల్ పడ్డాక అతను కడుపు పట్టుకుని తనే లేచి వచ్చేశాడు. అప్పటి నుంచి జట్టులో నా పేరు ‘లాకులు’. కాలవ లాకులెత్తితే నీళ్ళు ఎలా పోతాయో మా డెల్టావాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు. మా ముందు గదిలో గోడకు ఒక హాకీ కర్ర, దాని కింద కాలేజీ జట్టు ఫోటో ఉండేవి. ఫోటోలో నేను చివర నిలబడి ఉంటాను, కాళ్ళకు లావుపాటి ప్యాడ్లతో. పెళ్ళి మాటలకు వచ్చిన మా మామగారికి మధ్యవర్తి ఆ ప్యాడ్లు చూపించి, “అంతంత పెద్దవి కెప్టెన్‌కే ఇస్తారండీ” అన్నాడు. నేను తల దించుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. పక్కనే ఉన్న మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆ ముక్క వాళ్ళ ఊరు పామర్రు దాకా మోసుకుపోయాడు.

మా చుట్టాల్లో ప్రతి విషయానికీ ఒక మనిషి ఉంటాడు. కిడ్నీలో రాయి తీయించుకున్నాయన వైద్యానికి. ప్రహరీ గోడ మీద పక్కింటివాళ్ళతో కోర్టుకెక్కినాయన చట్టానికి. హాకీకి నేను. ఇన్నేళ్ళలో హాకీ గురించి అడిగినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ పదవి సుఖంగానే గడిచిపోయింది. ఐదేళ్ళ కిందట, ఎండాకాలంలో, బావ ఫోన్ చేసేదాకా.

“ఏవోయ్, డ్రిల్లు టీచరమ్మ ఇంటికొచ్చి కూర్చుంది. పిల్లని హాకీ హాస్టల్ సెలెక్షన్‌కి పంపమంటంది. ఆడితే ఎక్కడిదాకానో పోద్దంట. జీతాలిచ్చి ఆడించుకునేదాకా పోద్దంట. కాలేజీవాళ్ళేమో సీటుకి రెండ్రోజులే టైమిచ్చారు. నువ్వాడినోడివి, వచ్చి చూసి చెప్పు. పైకొస్తదంటే హాకీ, రాదంటే ఎంపీసీ. మజ్జెలో ఇంకేం లేదు.”

పిల్ల అంటే నా మేనకోడలు. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ పిల్ల బతుకు నా నాలుక చివరకు వచ్చిందని తెలిసి నాకు భయం వేయాలి. వేయలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, ఒక ఈల, ఒక నోటు పుస్తకం కొనుక్కుని బస్సెక్కాను.

ఊళ్ళో దిగగానే బావ టీచరమ్మ ఇచ్చిన సెలెక్షన్ కాగితం చేతిలో పెట్టాడు. జూన్‌లో ఒక ఆదివారం. కింద, ఎంపిక చేసే కోచ్ పేరు. ఆ పేరు రెండుసార్లు చదివాను. అతను మా కాలేజీ జట్టు సెంటర్ ఫార్వర్డ్. నాకు ‘లాకులు’ అని పేరు పెట్టిన మహానుభావుడు. పిల్ల సెలెక్షన్‌కు వెళితే వెనకాల మేనమామ వెళ్ళాలి. మేనమామ వెళితే లాకులు బయటపడతాయి.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు ఆ పిల్ల ఆటలో నేను చూసిన లోపాలు నిజంగా కనిపించినవే. కానీ అంత తొందరగా కనిపించడానికి కారణం ఆ పేరే.

ఆడే చోటు బావ పొలం. వరి కోసి, మినుములు కూడా తీసేశాక, మే నెలలో మా నల్లరేగడి బీటలు వారుతుంది. వాటిని నెర్రెలంటాం. కొన్నింటిలో కాలు పిక్క దాకా దిగిపోతుంది. టీచరమ్మ, ఆమె శిష్యురాళ్ళు ఎనిమిదిమంది అక్కడే ఆడుతున్నారు. నాకు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు, పక్కన మజ్జిగ చెంబు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు పదిహేనుమంది దాకా పోగయ్యారు. నేను ఈల ఊది, పుస్తకం తెరిచి రాశాను: ‘తల ఎత్తదు. బంతిని కొట్టదు.’

నిజమే. ఆ పిల్ల నేలకేసి చూస్తూనే పరిగెత్తేది. బంతిని ఒక్కసారి కూడా బలంగా కొట్టేది కాదు. కర్రకు అంటించుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, మెలికలు పోతూ తీసుకెళ్ళేది. హాకీలో తల ఎత్తి తోటివాళ్ళు ఎక్కడున్నారో చూడాలి. ఆ మాట మా కోచ్ రెండేళ్ళపాటు చెబుతుంటే నేను బెంచీ మీద కూర్చుని విన్నాను.

అంతలో ఆ పిల్ల వచ్చి, “మావయ్యా, నువ్వు కీపర్‌వి కదా, ఒకసారి నిలబడవా?” అంది.

పదిహేనుమంది ముందు కాదనలేకపోయాను. ప్యాడ్లు లేవు. మా అక్క ఇంట్లోంచి రెండు దిండ్లు తెచ్చి, పురికొసతో నా కాళ్ళకు కట్టింది. మట్టి నింపిన రెండు యూరియా బస్తాల మధ్య నిలబడ్డాను.

“ఏవండీ, ఎడం దిండు జారుతుందండీ!” అని గట్టు మీంచి ఎవరో అరిచారు. నేను దిండు వైపు చూశాను. మొదటి గోల్ పడింది.

రెండోసారి ముందుకు ఉరికాను. పిల్ల నా చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. మూడోసారి, కోచ్ చెప్పినట్టే, ఆటగాడిలా తల ఎత్తుకుని అడుగు వేశాను. కుడికాలు నెర్రెలో దిగబడింది. కూలబడ్డాను. బంతి నా పక్కనుంచి, అదేమీ తొందర లేనట్టు, నెమ్మదిగా దొర్లుకుంటూ పోయింది.

“మూడూ కావాలనే వదిలాను. ఎలా కొడుతుందో చూద్దామని” అన్నాను లేస్తూ.

గట్టు మీద కూర్చున్న బావ తల్లి, ఎనభై దాటిన మనిషి, నోట్లో వక్కపలుకు పక్కకు నెట్టి అంది: “మూడోది కూచుని చూశావు, బాబూ.”

భోజనాల దగ్గర తీర్పు చెప్పాను. అక్క నా కాలికి పసుపు రాస్తోంది. బావ కంచం ముందు చెయ్యి కడుక్కోకుండా నా మొహంకేసి చూస్తున్నాడు.

“కష్టం బావా. కుదురు ఉంది, కాదనను. కానీ తల ఎత్తదు. దెబ్బలో బలం లేదు. పైస్థాయిలో ఇవి రెండూ లేకపోతే పనికిరాదు.”

వాకిట్లో నిలబడిన పిల్ల అంది, “తలెత్తితే నెర్రెలో కాలు పడుద్ది మావయ్యా. గట్టిగా కొడితే బాల్ నెర్రెలోకి పోద్ది, లేకపోతే కాలవలోకి. మాకున్నది ఒకటే బాల్.”

“ఆటగాళ్ళు సాకులు చెప్పకూడదమ్మా” అన్నాను, పసుపు రాయించుకుంటూ.

పిల్ల నా కాలు వైపు చూసింది. బావ చెయ్యి కడుక్కుని అన్నం కలిపాడు. “అయితే ఎంపీసీ” అన్నాడు.

పిల్లని చేర్చిన కాలేజీ విజయవాడ పొలిమేరలో ఉంది. ఈ కాలేజీ హాస్టళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది. ఔటింగ్ ఆదివారం నాడు పిల్లను బయటికి తీసుకెళ్ళాలంటే కార్డు మీద ఫోటో ఉన్నవాళ్ళే రావాలి, రిజిస్టరులో కారణం రాయాలి, సాయంత్రం ఆరు లోపల అప్పజెప్పాలి. ఆ కార్డు మీద బావ ఫోటో, అక్క ఫోటో, విజయవాడలోనే ఉంటాను కాబట్టి నాదీ అతికించారు.

జూన్‌లో ఒక గురువారం హాస్టల్ ఫోన్ నుంచి పిల్ల చేసింది.

“మావయ్యా, ఈ ఆదివారం ఔటింగ్. సెలెక్షన్ కూడా ఈ ఆదివారమే.”

“మీ నాన్నని అడిగావా?”

“నాన్న నిన్నడగమంటాడు. నువ్వు పనికిరాదన్నావుగా, అదే మాట అక్కడ సారు కూడా అంటే బుద్ధిగా లెక్కలు చేసుకుంటా. ఒక్కసారి తీసుకెళ్ళు. కర్ర లేదు నా దగ్గర. మీ గోడ మీదది పట్టుకురా.”

చూద్దాంలే అని పెట్టేశాను. ఆ ఆదివారానికి జ్వరం తెచ్చుకుందామని కూడా ఆలోచించాను. మర్నాడు స్నానం చేస్తుంటే కుడికాలి మీద నెర్రె గీరిన మచ్చ కనిపించింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు ఆ పొలంలో తొమ్మిదిమంది గంటసేపు పరిగెత్తారు. ఒక్కరి కాలూ నెర్రెలో పడలేదు. తల ఎత్తుకుని నడిచినవాణ్ణి నేను ఒక్కణ్ణే. పడ్డదీ నేనే.

ఆదివారం పొద్దున రిజిస్టరులో ‘పంటి నొప్పి, డాక్టరు దగ్గరికి’ అని రాసి పిల్లను బయటికి తెచ్చాను. ఆటోలో అది నా కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేంటి మావయ్యా, అడుగున రంగు కూడా పోలేదు?”

“జాగ్రత్తగా ఆడేవాణ్ణి” అన్నాను.

హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంది ఆ మైదానం. పచ్చటి చాప పరిచినట్టు కృత్రిమ గడ్డి. నేను చెట్టు చాటున, పిల్లల తల్లిదండ్రుల వెనకాల, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని నిలబడ్డాను.

పిల్ల మొదట అలవాటు కొద్దీ తల దించుకునే ఆడింది. లేని నెర్రెలను దాటుకుంటూ ఆ చదును నేల మీద కొంగలా అడుగులు వేసింది. పక్కన ఎవరో నవ్వారు. నా తీర్పే నిజమయ్యేట్టుందని ఒక్క క్షణం, సిగ్గులేకుండా, నాకు ఊరట కూడా కలిగింది. అప్పుడు అది ఒకచోట ఆగి, బూటుతో నేలను నొక్కి చూసింది. ఇంకోచోట నొక్కింది. నేల ఎక్కడా కాలిని మింగేట్టు లేదు.

తల ఎత్తింది.

ఆ తర్వాత నేను గొడుగు మూసేశాను. బంతి కర్రకు అంటుకునే ఉంది, చూపు మాత్రం మైదానం చివరిదాకా పోతోంది. ఇద్దరిని, ముగ్గురిని తిప్పి, ఎవరూ చూడని చోట నిలబడిన అమ్మాయికి అందించింది. నేను చేతులెత్తి అరిచాను. ఆ అరుపుకే కోచ్ ఇటు తిరిగాడు.

“ఒరేయ్ లాకులూ! నువ్వా?”

తల్లిదండ్రులందరూ నా వైపు చూశారు. అతను వచ్చి భుజం మీద ఒకటి వేసి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పదకొండు నిమిషాల కథ మొత్తం చెప్పాడు. నాలుగో గోల్ ఎలా పడిందో నటించి కూడా చూపించాడు. నీళ్ళు తాగడానికి వచ్చిన మా పిల్ల సీసా మూత తీయడం మరిచిపోయి విన్నది.

“ఇది నీ మేనకోడలా? బంతిని ఇట్లా కర్రకి అంటించుకోవడం ఎక్కడ నేర్చుకుందిరా? కొట్టడం మేం నేర్పుతాం. ఇది నేర్పలేం.”

“నెర్రెల్లో” అన్నాను. “హాస్టల్‌కి తీసుకుంటావా?”

“తీసుకోక?”

“మరి పైదాకా పోతుందా? జీతానికి ఆడేదాకా?”

అతను నవ్వాడు. “నన్నడుగుతావేంట్రా? మొదట్లో నువ్వు కూడా పోతావనే అనుకున్నా నేను.”

బావకు అక్కడినుంచే ఫోన్ చేశాను. ఇంటికెళ్ళి చేద్దామనుకుంటే ఎప్పటికీ చేయనని నాకు తెలుసు.

“బావా, నేను తప్పు చెప్పాను. పిల్లని హాస్టల్‌కి ఎంపిక చేశారు. నెర్రెల వల్ల తల దించేది, అంతే. అది ఆడగలదు. ఆడనిది నేను.” పదకొండు నిమిషాలు, నాలుగు గోల్స్, కాగితం మీద పేరు చూసి భయపడటం, మొత్తం చెప్పేశాను.

“పదకొండా?”

“పదకొండు.”

“మరి ఆ ప్యాడ్లు?”

“గోల్‌కీపరన్నవాడికి ఎవడికైనా ఇస్తారు బావా.”

“ఓరి నీ దుంపతెగ! కెప్టెనని ఊరందరికీ చెప్పాను కదయ్యా! నీ మాట మీద పిల్లని ఎత్తుకెళ్ళి ఆ గదుల్లో పడేశాను కదయ్యా!” తిట్టడం అయ్యాక అడిగాడు: “సరే, ఇప్పుడు పనికొస్తదన్నాయన ఉన్నాడే, ఆయనన్నా ఆడాడా?”

“ఆడాడు. నేను కళ్ళారా చూశాను.”

“ఎక్కణ్ణించి?”

“బెంచీ మీంచి.”

“అయితే రేప్పొద్దున్నే వస్తున్నా. టీసీ కాగితాలు అవీ చూద్దాం” అన్నాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, “ఆ పదకొండు సంగతి మా అమ్మ దగ్గర అనకు” అన్నాడు.

తిరుగు ఆటోలో పిల్ల కర్రను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు రోడ్డు చూసింది. దాని అడుగున రంగు కొంత లేచిపోయింది.

“మావయ్యా, ఆ రోజు మూడు గోల్సూ కావాలనే వదిలావా?”

“లేదు.”

“నాకు అప్పుడే తెలుసు. నాయనమ్మకీ తెలుసు.”

“మరి ఎవరూ ఏమీ అనలేదే?”

“నాయనమ్మ అందిగా” అంది.

ఆరుకు పది నిమిషాలుండగా గేటు దగ్గర దిగాం. వాచ్‌మన్ రిజిస్టరు తిప్పి, పొద్దున నేను రాసిన కారణం చూసి, పిల్ల దవడకేసి చూశాడు.

“ఏమ్మా, డాక్టరుగారేవన్నారు? పీకేశారా?”

నేను పెన్ను తీసుకుని ‘పంటి నొప్పి’ కొట్టేసి, పక్కన ‘హాకీ సెలెక్షన్’ అని రాసి, కింద సంతకం పెట్టాను. వాచ్‌మన్ అది చదువుకుని, నా చేతిలో కర్రను, బొద్దుగా ఉన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“తమరు ఆడేవారాండీ?”

పిల్ల గేటు లోపల ఆగి, నేనేం చెబుతానా అని వెనక్కి తిరిగి చూస్తోంది.

“పదకొండు నిమిషాలండీ” అన్నాను.